నెట్‌వర్కింగ్‌లో మాస్టర్స్ చేస్తానంటున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మడుకి మామయ్య ఆశీస్సులు.

నెట్‌వర్కింగ్, సిస్టమ్స్ ఇంజనీరింగ్‌లో మాస్టర్స్ చేద్దామనుకుంటున్నానని రాశావు. "ఇప్పటికే రెండు సర్టిఫికెట్లున్నాయి కదా, మళ్లీ డిగ్రీ దేనికి మామయ్యా?" అని కూడా అడిగావు. రూటర్‌కి ఏ కమాండ్ ఇవ్వాలో సర్టిఫికెట్ నేర్పుతుంది. అన్నీ సరిగ్గా ఇచ్చినా ప్యాకెట్లు, అంటే నెట్‌వర్క్‌లో వెళ్లే డేటా ముక్కలు, ఎందుకు పడిపోతున్నాయో కనుక్కోవడానికి ఈ చదువు. ఆ 'ఎందుకు' నిన్ను నిద్రపోనివ్వకపోతేనే చేరు. లేదంటే హాయిగా ఉద్యోగం చూసుకో, తప్పేం లేదు.

1986 అక్టోబర్‌లో లారెన్స్ బర్కిలీ ల్యాబ్‌కీ బర్కిలీ యూనివర్సిటీకీ మధ్య నెట్‌వర్క్ వేగం సెకనుకు 32 వేల బిట్ల నుంచి 40 బిట్లకు పడిపోయింది. 40 వేలు కాదు, నలభై! రెండింటి మధ్య దూరం 400 గజాలు. అంతకంటే నడిచి వెళ్లి చెప్పి రావడం నయం. తీగ తెగిందా అంటే లేదు. రద్దీలో ప్యాకెట్ ఆలస్యమైతే అది పోయిందనుకుని కంప్యూటర్లు మళ్లీ పంపేవి, దాంతో రద్దీ ఇంకా పెరిగేది. దారి ఎంత మోయగలదో కనిపెట్టుకుంటూ పంపేలా టీసీపీని (కంప్యూటర్లు డేటా పంపుకునే నియమాలు) సరిదిద్దిన పద్ధతిని ఆ ల్యాబ్ పరిశోధకుడు వాన్ జేకబ్సన్ 1988లో ఒక పేపర్‌లో రాశాడు. కోర్సు మొదలయ్యేలోపు అది చదువు. మొదటిసారి సగం అర్థం కాదు, నాకూ కాలేదు. లాప్‌టాప్‌లోనే ఉత్తుత్తి నెట్‌వర్క్ కట్టిచ్చే మినినెట్ వేసుకుని, ఇరుకు లింక్ ఒకటి కట్టి, ప్యాకెట్లను పట్టి చూపించే వైర్‌షార్క్‌లో ఆ రద్దీని చూశాక మళ్లీ చదువు. అప్పుడు తెలుస్తుంది.

లెక్కలంటే నీకు టెన్షన్ అని తెలుసు. కానీ ప్రాబబిలిటీ, క్యూయింగ్ థియరీ (వరుసలో ఎంతసేపు ఆగాలో చెప్పే లెక్కలు) మాత్రం వదలకు. అన్నిటికంటే సులువైన క్యూ మోడల్‌లో, లింక్ 80 శాతం బిజీగా ఉంటే కొత్తగా వచ్చిన ప్యాకెట్ సగటున నాలుగు ప్యాకెట్లు పంపేంత సేపు ఆగాలి. 90 శాతానికి తొమ్మిది, 99 శాతానికి తొంభై తొమ్మిది. "ఇంకా పది శాతం ఖాళీ ఉంది కదా" అని ధీమాగా అనేవాళ్లు ఆఫీసుల్లో చాలామంది తగులుతారు నీకు.

సిస్టమ్స్ కోర్సుల గురించి చెప్పాలంటే నా పరువు తీసుకోవాలి. థీసిస్ కోసం నేను ఒక సెమిస్టరంతా కొలతలు తీసి, నా పద్ధతిలో ఫలానా వేగం దగ్గర నెట్‌వర్క్ ఆగిపోతోందని గ్రాఫులు గీశాను. తీరా చూస్తే నెట్‌వర్క్ నిక్షేపంగా ఉంది. పంపే మెషిన్‌లో ఇంటరప్టులన్నీ ("ఈ పని చూడు" అని ప్రాసెసర్‌ని పిలిచే సంకేతాలు) ప్రాసెసర్‌లోని ఒకే కోర్ మీద పడి, అది ఊపిరాడక ఆగిపోతోంది. గ్రాఫులన్నీ చెత్తబుట్టలోకి. ఆపరేటింగ్ సిస్టమ్స్ కోర్సు కష్టమని ఎగ్గొట్టినందుకు పడ్డ శిక్ష అది. నువ్వు ఎగ్గొట్టకు. సీ భాష, లినక్స్ కెర్నెల్ చేతికి అలవాటవ్వాలి. ఏ కొలతైనా నమ్మే ముందు, కొలిచే పరికరాన్నే ముందు అనుమానించు.

కాలేజీ పేరు చూడు, కాదనను. అంతకంటే ముఖ్యంగా గైడ్‌ని చూడు. ఆయన పేపర్ల లిస్టు కాదు, ఆయన దగ్గర చదివేవాళ్లతో విడిగా మాట్లాడు. రాసిన డ్రాఫ్ట్ ఎన్ని రోజులకు చదివి తిరిగిస్తారో అడుగు. వాళ్లు నవ్వి ఊరుకున్నారంటే వేరే గైడ్‌ని వెతుక్కో. థీసిస్, కోర్సులు రెండిట్లో ఏదో ఒకటి ఎంచుకోమంటే థీసిస్ తీసుకో. ఒకే సమస్యతో ఏడాది పాటు కుస్తీ పట్టే వీలు ఉద్యోగంలో దొరకదు.

అప్లికేషన్ లెటర్‌లో "చిన్నప్పటి నుంచీ కంప్యూటర్లంటే ఇష్టం" అని రాయకు. అందరూ అదే రాస్తారు. నువ్వు విప్పిన చిక్కు ఒకటి రాయి. అలాంటిది ఏదీ లేదంటావా, మినినెట్ ఉందిగా. వచ్చే ఆదివారంలోపు ఆ రద్దీ గ్రాఫ్ నాకు పంపు, ఏ మెషిన్ మీద కొలిచావో కూడా రాసి.

మీ మామయ్య