పంటి మొదట్లో ఆ గాడి ఎందుకు పడింది?

ప్రశ్న: నాకు 42 ఏళ్లు. రెండు పూటలా హార్డ్ బ్రష్‌తో బాగా నొక్కి పళ్లు తోముకుంటాను. అయినా ఎడమ కోరపన్నుకీ, దాని వెనక పన్నుకీ చిగురు దగ్గర గాడి పడింది, గోరు పెడితే ఆగుతోంది. చల్లటి నీళ్లు తాగితే జివ్వుమంటోంది. దవడ పళ్ల దగ్గర తోమినప్పుడల్లా రక్తం. ఇంకెలా తోమాలి?
ఒక పాఠకురాలు, మలక్‌పేట

జవాబు: ముందు ఆ హార్డ్ బ్రష్ పక్కన పెట్టేయండి. పంటి పైన ఉండే ఎనామిల్ చాలా గట్టిది. చిగురు కప్పి ఉంచే వేరుకు ఆ రక్షణ లేదు. అడ్డంగా రంపం లాగినట్టు తోమితే చిగురు జరిగిపోయి వేరు బయటపడుతుంది, అరిగి గాడి పడుతుంది. కుడిచేతి వాటం వాళ్లకు ఇది తరచుగా ఎడమ వైపే కనిపిస్తుంది, చెయ్యి అక్కడే ఎక్కువ బలంగా ఆడుతుంది కాబట్టి. రక్తం సంగతి వేరు. అక్కడ పాచి మిగిలిపోయి చిగురు వాచింది. రక్తం చూసి భయపడి ఆ చోటు తోమడం మానేస్తే వాపు ఇంకా పెరుగుతుంది.

పాచి మెత్తటి పొర. గోటితో గీకినా వచ్చేస్తుంది. దానికి బలం అక్కర్లేదు, అది ఉన్న చోటికి బ్రష్ కుచ్చు చేరాలి. ఎక్కువగా పేరుకునేది పన్నూ చిగురూ కలిసే అంచున.

చిన్న తల ఉన్న సాఫ్ట్ బ్రష్ తీసుకుని, పిడికిలి బిగించకుండా పెన్ను పట్టినట్టు పట్టుకోండి. కుచ్చు సగం పంటి మీద, సగం చిగురు మీద ఆనాలి. మొన చిగురు వైపు 45 డిగ్రీలు వాలాలి, అంటే పై పళ్లకు పైకి, కింది పళ్లకు కిందికి. రెండు మూడు పళ్ల దగ్గర బ్రష్‌ను కదలనివ్వకుండా ఆనించి, అక్కడే వణికించినట్టు పదిహేను ఇరవై సార్లు ఆడించండి. తర్వాత చిగురు నుంచి పంటి అంచు వైపుకి ఊడ్చి, పక్క పళ్లకు వెళ్లండి. కుచ్చు పక్కలకు విచ్చుకుంటోందంటే ఎక్కువ నొక్కుతున్నారన్నమాట.

చివరి దవడ పన్ను బయటి వైపు తోమేటప్పుడు నోరు బార్లా తెరవకండి. సగం మూస్తే బుగ్గ వదులై బ్రష్ దూరుతుంది. కింది దవడ పళ్ల నాలుక వైపు చాలామంది వదిలేస్తారు, మీకు రక్తం వచ్చేది అక్కడేనేమో అద్దంలో చూసుకోండి. ముందు పళ్ల లోపలి వైపుకి బ్రష్‌ను నిలువుగా పెట్టాలి. మొత్తం రెండు నిమిషాలు. నురగ ఉమ్మేయండి, నీళ్లతో పుక్కిలించకండి. పళ్లు పుచ్చకుండా కాపాడేది పేస్టులోని ఫ్లోరైడ్, అది పంటి మీద నిలిస్తేనే పని చేస్తుంది. నిమ్మరసం లాంటి పుల్లటివి తాగాక అరగంట ఆగి తోమాలి. నిద్రలో లాలాజలం తగ్గుతుంది కనుక రాత్రి తోమాక చాయ్, ఉస్మానియా బిస్కెట్ లాంటివేవీ వద్దు. బొగ్గుపొడి, ఉప్పు జోలికి అసలు వెళ్లకండి.

ఇలా రెండు వారాలు తోమినా రక్తం ఆగకపోతే పాచి గట్టిపడి గార కట్టి ఉండొచ్చు. అది బ్రష్‌కు రాదు, డాక్టర్ దగ్గర క్లీనింగ్ చేయించాలి. గాడి తిరిగి పూడదు. లోతుగా ఉంటే ఫిల్లింగ్ వేస్తారు. మీకు దగ్గర్లోనే అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత వైద్యశాల ఉంది.

ప్రశ్న: మాది నల్గొండ వైపు, ఇప్పుడు ఉప్పల్‌లో ఉంటున్నాం. నాలుగేళ్ల బాబుకు ఫ్లోరైడ్ పేస్టు వాడొచ్చా? భయంగా ఉంది.

జవాబు: మీ భయం అర్థమవుతోంది. కానీ అక్కడ పళ్ల మీద మచ్చలు తెచ్చింది ఏళ్ల తరబడి తాగిన, ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్లు. ఫ్లోరైడ్ 1000 పీపీఎం (పది లక్షల పాళ్లలో వెయ్యి పాళ్లు) ఉన్న పేస్టు బఠాణీ గింజంత పెట్టి, ఉమ్మేలా చూస్తే భయం లేదు. మూడేళ్లలోపు వాళ్లకైతే బియ్యపు గింజంత చాలు. ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా రాత్రి పూట మీరే తోమండి. ఇప్పుడు కూడా తాగేది బోరు నీళ్లే అయితే ముందు ఆ నీళ్లు పరీక్ష చేయించండి.