జీతం అడిగితే తగ్గింపు లేనట్టా?

ప్రశ్న: మాది హనుమకొండ. ఒక స్వతంత్ర క్రైస్తవ సంఘంలో ఆరేళ్లుగా పనిచేస్తున్నాను. ఆఫీసు, సండే స్కూల్, స్త్రీల కూడిక, కానుకల రసీదులు అన్నీ నావే. నెలకు 9,000 ‘ప్రేమ కానుక’ ఇస్తారు. పెద్దల కమిటీలో అందరూ మగవాళ్లే. సండే స్కూల్ సంగతి మాట్లాడేటప్పుడు కూడా టీ ఇచ్చి బయటికి రావాలి. అడిగితే అయ్యగారు (మా పాస్టరు) బైబిల్లో స్త్రీ బోధించకూడదనే 1 తిమోతి 2:12 వచనం చూపించారు. మా ఆయన, అత్తమ్మ అదే సంఘం. ‘‘దేవుని పనికి లెక్కలు కడతవా, తగ్గింపు (అణకువ) ఉండాలె’’ అంటుంది అత్తమ్మ. మానేద్దామా అనిపిస్తోంది.

జవాబు: అమ్మా, ఇందులో రెండు సంగతులు కలగాపులగమయ్యాయి. ఆడవాళ్లు వాక్యం చెప్పొచ్చా, పెద్దలుగా ఉండొచ్చా అన్నది ఒకటి. అందులో ఒక్కో సంఘానిది ఒక్కో పద్ధతి. సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం)లో 2013లో ఇ. పుష్పలలిత గారు నంద్యాల బిషప్ అయ్యారు. కాథలిక్కుల కాజీపేట ఫాతిమానగర్ కేథడ్రల్‌లో పూజ అర్పించేది ఫాదర్లే. మీ సంఘం పద్ధతేమిటో తెలిసే చేరారు. ఆ పోరు ఇప్పుడు నెత్తిన వేసుకోవద్దనే అంటాను.

రెండోది పని, జీతం. మీరు ప్రసంగించే పుల్పిట్ అడగట్లేదు కదా! అయ్యగారు చూపిన ఆ తిమోతి పత్రికలోనే 5:18 దగ్గర, పనివాడు జీతానికి పాత్రుడని ఉంది. అయ్యగారికి తెలియనిదేం కాదు. (అలాగని వచనాలతో వాదనకు దిగకండి. ఆ ఆటలో మైకు ఎవరి చేతిలో ఉంటే వాళ్లదే గెలుపు.)

ముందు వారమంతా చేసే పనులు ఒక కాగితం మీద రాయండి. ఆరాధన అయ్యాక కవర్లు విప్పి రసీదు పుస్తకం సరిచూడటం, పాస్టరమ్మతో ఆస్పత్రికి వెళ్లడం, రాత్రి పదింటికి వాట్సాప్‌లో వచ్చే ప్రార్థన మనవులు, అన్నీ. ‘కానుక’ అన్నంతకాలం అది ఎప్పుడైనా తగ్గొచ్చు, ఆగిపోవచ్చు. అందుకే జీతమింత, ఫలానా తేదీకి, వారానికో సెలవు అని రాసిన నియామక పత్రం అడగండి. సండే స్కూల్ మాట వచ్చిన పూట కమిటీలో కూర్చుంటానని చెప్పండి. ఓటు లేకపోయినా కుర్చీ ఉండాలి.

అసలు చిక్కు ఇంట్లో ఉంది. మీ ఉద్యోగం, ఆరాధన, అత్తగారి పరువు మూడూ ఒకే కప్పు కింద ఉన్నాయి. మీరు మానేస్తే ‘‘కోడలెందుకు మానేసింది?’’ అని అందరూ ఆవిడనే అడుగుతారు. ఆమె కోపంలో సగం ఆ భయమే. అందుకని అయ్యగారికంటే ముందు మీ ఆయనతో మాట్లాడండి, అత్తమ్మ లేని పూట. మానేస్తానని మొదలుపెట్టకండి. ఆ కాగితం చేతిలో పెట్టి, ఇదే పని బయట చేస్తే ఎంతిస్తారో ఆయన్నే చెప్పమనండి. మీ చర్చి డ్రైవరుకూ, కీబోర్డు వాయించే అబ్బాయికీ ఏమిస్తున్నారో కూడా తెలుసుకోండి. వాళ్లు నెలకింత అని మాట్లాడుకుని ఉంటే, వాళ్ల తగ్గింపును ఎవరైనా శంకించారా?

అయినా కాదంటే పని మానేసి, ఆదివారం మామూలుగా ఆరాధనకు వెళ్లండి. ఉద్యోగం వదిలితే సంఘం వదిలినట్టు కాదు. పోయేముందు రసీదు పుస్తకాలు, కానుకల లెక్క అప్పజెప్పి సంతకం తీసుకోవడం మరవకండి. డబ్బు ముట్టుకున్న మనిషి మీద మాట తేలిగ్గా పడుతుంది.

వేసవి వి.బి.ఎస్. (పిల్లల సెలవుల బైబిల్ బడి) హడావుడి మొదలవకముందే ఈ మాట ఎత్తండి. మొదలయ్యాక వాళ్లకు వినే తీరికుండదు, మీకూ పిల్లల్ని చూశాక అడగబుద్ధి కాదు.