జెయింట్ సెకోయా విత్తనాలు ఫ్రిజ్‌లో పెట్టినా మొలవకపోవడానికి కారణం

మీరు నెల రోజులు ఫ్రిజ్‌లో ఉంచి నాటినా ఒక్క జెయింట్ సెకోయా (అతి ఎత్తుగా పెరిగే ఒక మహావృక్షం) విత్తనమూ మొలవలేదంటే, వాటిని కొన్న ప్యాకెట్‌లోనే పొడిగా ఉంచడమే కారణమై ఉంటుంది. చలి ఒక్కటే సరిపోదు; కాలిఫోర్నియాలోని సియెర్రా నెవాడా పర్వతాల పడమటి వాలుపై ఈ విత్తనాలు శీతకాలమంతా మంచు కింద తడి నేలలో గడుపుతాయి కనుక, తడి, చలి రెండూ ఒకేసారి అందాలి. చాలామంది తప్పేది ఇక్కడే.

1. విత్తనాలను 24 గంటలు నీటిలో నానబెట్టండి.

2. నీరు కారకుండా పిండిన పేపర్ టవల్‌లో చుట్టి, జిప్ సంచిలో వేసి, కనీసం 60 రోజులు ఫ్రిజ్‌లో ఉంచండి. ఫ్రీజర్‌లో పెట్టవద్దు. వారానికొకసారి తెరిచి, ఆరిపోతుంటే నీరు చిలకరించండి, బూజు పట్టినవి తీసివేయండి.

3. ఇసుక ఎక్కువగా ఉన్న మట్టిపై చల్లి, పైన 3 మిల్లీమీటర్లకు మించకుండా మట్టి కప్పండి. అడవిలోనూ కార్చిచ్చు వేడికి కాయలు విచ్చుకొని, ఆకుల పొర కాలిపోయి బయటపడిన నేలపైనే ఇవి బాగా మొలుస్తాయి.

4. ప్యాకెట్ మొత్తం వాడండి, ఎందుకంటే తాలు గింజలే ఎక్కువ. (83.8 మీటర్ల ఎత్తున్న, జనరల్ షెర్మన్ అనే పేరున్న సెకోయా వృక్షం కూడా అర సెంటీమీటరు విత్తనం నుంచే వచ్చిందంటే నాకు ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు.)

మొలకలు వచ్చాక నీరు తగ్గించండి, లేకపోతే నారుకుళ్లు తెగులు సోకుతుంది.