సండే స్కూల్ పెడతానన్న మా చెల్లి కూతురికి

చిన్నమ్మడూ,

ప్రభువు నామంలో నీకు శుభములు. రాజాంలో మీ గుడిలో ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి సండే స్కూల్ పెడుతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. గర్వంగా ఉంది, భయంగానూ ఉంది. నీకు తొందరెక్కువ. పదో క్లాసు పరీక్షకి హాల్ టికెట్ మర్చిపోయి బస్సెక్కిన పిల్లవి నువ్వు.

గదికి ర్యాంపు, పక్కనే మరుగుదొడ్డి, పిల్లలకి అందని గడియ ఉండాలి. పిల్లల దగ్గర ఎప్పుడూ పెద్దవాళ్లు ఇద్దరుండాలి. ఇవి నీకు తెలిసినవే.

నా టెన్షనంతా స్వస్థత కూటాల గురించి. ఒకసారి మా బొబ్బిలికి బయటి ప్రసంగీకుడొకాయన వచ్చాడు. ఫిట్స్ ఉన్న కొడుకుని మా వీధి తల్లి ఒకావిడ ఎత్తుకొచ్చింది. ఆయన వాళ్లని స్టేజీ ఎక్కించి, ఇంట్లో ఏ పాపం దాచారమ్మా అని మైకులోనే అడిగాడు. తర్వాత పిల్లాడి తల మీద చెయ్యి పెట్టి, విశ్వాసం ఉంటే ఇక మాత్రలెందుకు అన్నాడు. ఆవిడ ఆపేసింది. ఫిట్స్ మందు ఉన్నట్టుండి ఆపితే మూర్ఛ ఆగకుండా వచ్చే ప్రమాదం ఉంది. ఆ వారంలోనే వచ్చింది. అర్ధరాత్రి ఆటోలో విజయనగరం తీసుకెళ్లారు. పిల్లాడు బతికాడు. తన విశ్వాసమే చాలలేదనుకుని ఆ తల్లి మాత్రం గుడికి రావడం మానేసింది. ఆయనేమో కానుక కవరు పుచ్చుకుని మరో ఊరి కూటానికి వెళ్లిపోయాడు.

యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయంలో శిష్యులూ ఇదే అడిగారు, పాపం ఈ గుడ్డివాడిదా, కన్నవాళ్లదా అని. ఇద్దరిదీ కాదన్నాడు ప్రభువు. మొదటి ఆదివారమే తల్లిదండ్రులకి ఆ మాట చెప్పు. ప్రార్థన మానమనడం లేదు. ముందు మాత్ర వేశారా అని అడిగి, ఆ తర్వాత చెయ్యి.

ఎవరికైనా ఫిట్స్ వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టు. నోట్లో ఏమీ పెట్టనివ్వకు. చేతిలో తాళాలు పెట్టే పెద్దలుంటారు, వాళ్లని దూరంగా ఉంచు. గడియారం చూడు, ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చెయ్యి.

మీ గుడిలో బాక్సుల మోత నాకే తలనొప్పి. ఆటిజం ఉన్న పిల్లలు చెవులు మూసుకుంటే భక్తి లేదని ఎవరూ కసరకూడదు. సౌండు తగ్గించమంటే పాస్టరు గారు వినకపోతే, ఆరాధనకి ముందే నీ క్లాసు పెట్టుకో. వారం వారం అదే పాట, అదే వరస ఉంచు. నీకు విసుగొస్తుంది, వాళ్లకి ధైర్యమొస్తుంది.

1995 చట్టంలో వైకల్యాలు 7 రకాలే. 2016 చట్టంలో ఆటిజంతో కలిపి 21 ఉన్నాయి. ఈ సంగతి చాలామంది తల్లులకి తెలియదు. వైకల్య సర్టిఫికెట్ కోసం చేసే సదరం పరీక్షకి స్లాట్ ఎలా బుక్ చెయ్యాలో, ఇలాంటి పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రం ఎక్కడుందో కనుక్కుని చెప్పు. కూలి మానుకుని వెళ్లే తల్లికి తోడు వెళ్లు.

ఇంకోటి. క్రిస్మస్‌కి ఆ పిల్లల ఫొటోలు పెట్టి చందాలు అడిగావని తెలిస్తే మాత్రం నీతో మాట్లాడను.

గుడ్డ బోర్డుకి అంటించి కథ చెప్పే నా ఫ్లానెల్ బోర్డు బొమ్మలు ఇంకా ఉన్నాయి. చేత్తో తడిమి నేర్చుకునే పిల్లలకి పనికొస్తాయి, రాజాం వచ్చేవాళ్లతో పంపుతాను. అందగానే నువ్వే ఫోన్ చెయ్యి, మీ అమ్మ చేత చేయించకు. ఆదివారాలు ఏమీ తినకుండా పరిగెత్తకు.

మీ పెద్దమ్మ