ఐర్లాండ్ మ్యాచ్‌ల్లో 'జాంబీ' పాట ఎందుకు పాడతారు? మనమూ పాడొచ్చా?

మీరడిగింది ఇది: క్రాన్‌బెరీస్ బ్యాండ్ 1994లో విడుదల చేసిన 'జాంబీ' పాట ముప్పై ఏళ్లు దాటినా ఐర్లాండ్ రగ్బీ మ్యాచ్‌ల్లో ఇంకా ఎందుకు మోగుతోంది, దాని మీద గొడవేంటి, మాస్టర్స్‌కి వస్తున్న మీరు ఆ జనంతో గొంతు కలిపితే ఎవరైనా ఏమైనా అనుకుంటారా అని. నేను కూడా చదువుకోడానికే లిమరిక్ వచ్చి, ఉద్యోగం దొరికి ఇక్కడే ఉండిపోయాను. ఆ బ్యాండ్‌ది ఈ ఊరే. కాబట్టి నా జవాబులో కొంచెం లిమరిక్ పక్షపాతం ఉంటుంది, ముందే చెప్తున్నా.

మొదట పాట ఎలా పుట్టిందో తెలియాలి, లేకపోతే గొడవ అర్థం కాదు. 1993 మార్చి 20, శనివారం. ఇంగ్లండ్‌లో వారింగ్టన్ అనే ఊరు. మర్నాడు అక్కడ మదర్స్ డే కావడంతో బజారంతా జనం. ఉత్తర ఐర్లాండ్‌ని బ్రిటన్ నుంచి విడదీయాలని ఆయుధాలు పట్టిన ఐఆర్ఏ వాళ్లు బ్రిడ్జ్ స్ట్రీట్‌లో చెత్తకుండీల్లో పెట్టిన రెండు బాంబులు పేలాయి. జోనథన్ బాల్ అనే మూడేళ్ల పిల్లవాడు అక్కడికక్కడే చనిపోయాడు. పన్నెండేళ్ల టిమ్ ప్యారీ అయిదు రోజులు ఆసుపత్రిలో ఉండి ప్రాణం విడిచాడు. క్రాన్‌బెరీస్ గాయని డొలోరెస్ ఓ'రియర్డన్‌కి అప్పుడు ఇరవై ఒక్కేళ్లు. 'జాంబీ' రాసింది ఆమె ఒక్కతే, ఈ పిల్లల చావు చూసి. ఐర్లాండ్ పేరు చెప్పి ఇలాంటివి చేస్తున్నవాళ్లకి, తనకి ఏ సంబంధమూ లేదన్నది ఆమె మాట.

అప్పటిదాకా ఆ బ్యాండ్ అంటే 'లింగర్' లాంటి మెత్తని ప్రేమపాటలు. అందుకే ఈ పాటలో గిటార్ ఒక్కసారిగా గరగరమంటూ విరుచుకుపడేసరికి విన్నవాళ్లు ఉలిక్కిపడ్డారు. విడుదలైన సమయం కూడా చూడండి. ఐఆర్ఏ కాల్పుల విరమణ ప్రకటించింది 1994 ఆగస్టు 31న, పాట వచ్చింది సెప్టెంబర్‌లో. శాంతి మాటలు అప్పుడప్పుడే మొదలవుతున్న ఆ రోజుల్లో ఈ అమ్మాయి పాత పుండు కెలుకుతోందని కొందరు విసుక్కున్నారు. ఉత్తర ఐర్లాండ్ రాజధాని బెల్‌ఫాస్ట్ వీధుల్లో సైనికుల్నీ, పిల్లల్నీ చూపిస్తూ శామ్యూల్ బేయర్ తీసిన వీడియోని బీబీసీ, ఐరిష్ ప్రభుత్వ టీవీ ఆర్‌టీఈ ఉన్నదున్నట్టు వెయ్యలేదు, కత్తిరించి వేశాయి. ఆపితే పాట ఆగుతుందా? జర్మనీ, ఫ్రాన్స్, ఆస్ట్రేలియాల్లో నంబర్ వన్ అయింది. 1995లో ఎంటీవీ యూరప్ వాళ్లు ఉత్తమ గీతం అవార్డు ఇచ్చారు. 2020లో యూట్యూబ్‌లో వంద కోట్ల వ్యూస్ దాటింది, ఐర్లాండ్ బ్యాండ్లలో అంతవరకు వెళ్లిన మొదటిది ఇదే.

అయితే హిట్ కావడం వేరు, మిగిలి ఉండటం వేరు. ఆ ఏడాది హిట్ అయిన పాటలు బోలెడు. వాటిలో ఎన్నింటిని ఇప్పుడు ఎనభై వేలమంది లేచి నిలబడి పాడుతున్నారు? నా లెక్కలో దీనికి మొదటి కారణం చాలా మామూలుది. పాట మొత్తం నాలుగే కార్డ్స్ మీద తిరుగుతుంది: ఇ మైనర్, సి, జి, డి. హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ చదివేటప్పుడు మా హాస్టల్లో గిటార్ కొన్న ప్రతివాడూ మొదటి నెలలోనే దీని మీద పడేవాడు. వేళ్లు బొబ్బలెక్కినా ఫర్వాలేదు, సాయంత్రానికి పాటలాంటిదేదో వచ్చేసేది. కాలేజ్ ఫెస్ట్‌లో ఏ బ్యాండ్ ఎక్కినా ఇది ఉండాల్సిందే. వారింగ్టన్ ఎక్కడుందో మాలో ఒక్కడికీ తెలియదు. చచ్చిన శవాలు లేచొచ్చే సినిమాల గురించి రాశారేమో అనుకునేవాళ్లు కూడా ఉన్నారు!

రెండోది, పాట కట్టిన తీరు. చరణం గొణుగుతున్నట్టు కింది స్థాయిలో ఉంటుంది. తల్లి, బిడ్డ, మౌనం, 1916 (బ్రిటన్ మీద ఐరిష్‌వాళ్లు తిరగబడిన ఏడాది) అన్నీ అక్కడే వస్తాయి. పల్లవి దగ్గరకొచ్చేసరికి మాటలు రెండు మూడే మిగులుతాయి, తక్కినదంతా గొంతు. డొలోరెస్ ఆ అచ్చుల్ని సాగదీసి మధ్యలో విరుస్తుంది, ఇక్కడి పాత జానపద గాయకులు విరిచినట్టే. స్టేడియంలో చరణం వచ్చినప్పుడు జనం పెదాలు కదుపుతుంటారంతే, సగం మందికి మాటలు రావు. పల్లవికి మాత్రం ఇంగ్లిష్ రాని ఫ్రెంచివాడు కూడా సిద్ధం. అంటే జనం నోళ్లలో బతికింది పల్లవి. చరిత్ర చరణంలో ఉండిపోయింది. మనకిది కొత్తేం కాదు. బండి యాదగిరి నిజాం మీద కట్టిన 'బండెనక బండి కట్టి' పాటకి కాలేజీ కుర్రాళ్లు స్టెప్పులేసేటప్పుడు పదహారు బండ్లు ఎవరివో ఎవరు ఆలోచిస్తారు?

ఇక లిమరిక్ సంగతి. బయటివాళ్లు దీన్ని యుద్ధవ్యతిరేక గీతం అంటారు, ఇంకొందరు ఐఆర్ఏ వ్యతిరేక గీతం అంటారు. ఈ ఊళ్లో ఎవర్నైనా అడగండి, 'డొలోరెస్ పాట' అంటారు. ఈ తేడాలోనే మీ మొదటి ప్రశ్నకి జవాబు ఉందని నా నమ్మకం. ఆమెది లిమరిక్ పక్కన బ్యాలీబ్రికెన్ అనే పల్లె. యాస దాచుకోకుండా, ఇక్కడివాళ్లు మాట్లాడుకున్నట్టే పాడింది. డబ్లిన్ వాళ్లు ఎప్పుడూ చిన్నచూపు చూసే ఊరు ఇది. ఈ మాట నేను లిమరిక్ వాళ్ల తరఫున కాస్త కోపంగానే అంటున్నా.

2018 జనవరి 15న లండన్‌లో ఆమె నలభై ఆరేళ్ల వయసులో హఠాత్తుగా చనిపోయింది. మా ఇంటి ఓనరమ్మ డెబ్బై దాటిన మనిషి, రాక్ మ్యూజిక్ అంటే టీవీ కట్టేసే రకం. సెయింట్ జోసెఫ్ చర్చిలో భౌతికకాయాన్ని ఉంచినప్పుడు ఆవిడ చలిలో క్యూలో నిలబడి చూసొచ్చింది. "మా పిల్లే కదా" అంది, అంతకుమించి ఏం చెప్పలేదు. అదే ఏడాది ఆగస్టులో లిమరిక్ జట్టు హర్లింగ్‌లో ఆల్ ఐర్లాండ్ కప్పు గెలిచింది. హర్లింగ్ అంటే కర్రలతో, చిన్న బంతితో ఆడే ఇక్కడి సొంత ఆట, ఒళ్లు గగుర్పొడిచే వేగం. అంతకుముందు గెలిచింది 1973లో, అంటే నలభై అయిదేళ్ల దాహం! కూతురు పోయిన ఏడాదే కప్పు రావడంతో ఆ సంబరాల్లో క్రాన్‌బెరీస్ పాటలు లేకుండా ఎలా? ఆ తర్వాత 2020 నుంచి 2023 దాకా వరసగా నాలుగుసార్లు గెలిచారు. ఆ గెలుపు సంబరాల్లో ఆకుపచ్చ జెర్సీల గుంపుతో పాటు ఈ పాట కూడా తిరిగింది.

రగ్బీలోకీ ఇక్కణ్నుంచే పాకింది. ఇక్కడి థోమండ్ పార్క్ స్టేడియంలో మన్‌స్టర్ (లిమరిక్ ఉన్న ప్రాంతపు రగ్బీ జట్టు) మ్యాచ్ ఒకటి తప్పక చూడండి. అవతలి జట్టువాడు గోల్ కిక్ కొట్టేటప్పుడు ఇరవై వేల మంది కిమ్మనకుండా ఉంటారు, అదిక్కడి మర్యాద. గాలికి జెండా కొట్టుకునే చప్పుడు కూడా వినపడుతుంది. అదే జనం మ్యాచ్ అయ్యాక 'జాంబీ' అందుకుంటే చెవులు దిమ్మెక్కుతాయి.

దేశమంతా, ప్రపంచమంతా గమనించింది మాత్రం 2023 ప్రపంచ కప్‌లో. సెప్టెంబర్ 23న పారిస్ దగ్గర స్టాడ్ డి ఫ్రాన్స్‌లో ఐర్లాండ్ 13-8తో దక్షిణాఫ్రికాని ఓడించింది. నేను లిమరిక్‌లో ఒక పబ్‌లో చూస్తున్నా. మా ఆఫీసు కుర్రాడొకడు స్టేడియం నుంచి వీడియో కాల్ చేశాడు. అతని ఫోన్‌లో పల్లవి వచ్చేసింది, టీవీలో ఇంకా చరణమే నడుస్తోంది. ప్రసారం కొన్ని సెకన్లు వెనక కదా. పబ్‌లో సగం మంది ఫోన్‌తో, సగం మంది టీవీతో పాడి మొత్తం కంగాళీ చేశారు. బార్ వెనకున్న అమ్మాయి చిరాకుపడి టీవీ మ్యూట్ చేసింది. అప్పుడుగానీ అందరూ ఒక తాళానికి రాలేదు.

గొడవ మొదలైంది కూడా ఆ వారమే. ఐర్లాండ్ రగ్బీ జట్టు రెండు ఐర్లాండ్‌లకీ, అంటే దక్షిణాన స్వతంత్ర దేశమైన రిపబ్లిక్‌కీ, బ్రిటన్ కింద ఉన్న ఉత్తర ఐర్లాండ్‌కీ, కలిపి ఒక్కటే. అందుకే విదేశాల్లో రిపబ్లిక్ జాతీయగీతం పాడకుండా, 1995లో ఫిల్ కౌల్టర్ రాసిన 'ఐర్లాండ్స్ కాల్' పాడతారు, ఉత్తరాదివాళ్లు ఇబ్బంది పడకుండా. అలాంటి జట్టుకి 'జాంబీ' ఏంటని ఉత్తరాన ఉన్న జాతీయవాదులు, అంటే రెండు ఐర్లాండ్‌లూ ఒక్కటి కావాలనేవాళ్లు, కొందరు అడిగారు. మాతో ఉత్తర ఐర్లాండ్‌లోని డెర్రీ నుంచి వచ్చిన సీనియర్ ఒకాయన పనిచేసేవాడు. ఆఫీసు క్రిస్మస్ పార్టీలో ఈ పాట మొదలవగానే గ్లాసు బల్ల మీద పెట్టి బయటికి వెళ్లిపోయాడు. సిగరెట్ తాగడానికేమో అనుకున్నా, ఆయనకసలు ఆ అలవాటే లేదు. తర్వాత నిదానంగా చెప్పాడు. వారింగ్టన్ పిల్లల గురించి తనకీ బాధే. అయితే 1972 జనవరి 30న వాళ్ల వీధుల్లో బ్రిటిష్ సైనికులు కాల్చిన కాల్పుల్లో పదముగ్గురు ఆ రోజే చనిపోయారు. వాళ్లకోసం స్టేడియాలు పాడవు. పైగా చరణంలో 1916 అనేసరికి తప్పంతా ఐరిష్ తిరుగుబాటుదే అన్నట్టు వినిపిస్తుంది తనకి. హాయిగా దక్షిణాన కూర్చున్నవాళ్లు రాసుకుని, హాయిగా పాడుకునే పాట అని ఆయన అభిప్రాయం.

నేను పూర్తిగా ఒప్పుకోను. ఇరవై ఒక్కేళ్ల మనిషి ఒక సంఘటన చూసి కడుపు రగిలి రాసిన పాట మొత్తం చరిత్రకి లెక్క చెప్పాలనడం అన్యాయం. 1916 ప్రస్తావన మాత్రం తొందరపాటు అనే అనిపిస్తుంది నాకు కూడా. ఇంకో మాట, ఈ తగువే లేకపోతే 2023లో రేడియోల్లో వారింగ్టన్ పేరు వినిపించేదే కాదు. మా ఆఫీసులో ఇరవైల్లో ఉన్న పిల్లలు పాట దేని గురించో తెలుసుకున్నది ఆ వాదనల వల్లే.

టిమ్ తండ్రి కోలిన్ ప్యారీ సంగతి కూడా చెప్పాలి. భార్యతో కలిసి ఇద్దరు పిల్లల పేరు మీద శాంతి సంస్థ పెట్టి, ఏళ్ల తరబడి ఆ పనే చేసిన మనిషి. ఈ పాట తన కొడుకు చావు చూసి రాసిందని ఆయనకి తెలిసింది 2018లో, డొలోరెస్ పోయాక! ఇరవై మూడేళ్లకి పైగా ప్రపంచమంతా పాడింది, ఆ ఇంటికి మాత్రం కబురు అందలేదు. విని చాలా కదిలిపోయానని ఆయన బీబీసీతో అన్నాడు.

కవర్ వెర్షన్ల జోలికి ఎక్కువ వెళ్లను. అమెరికా బ్యాండ్ బ్యాడ్ వుల్వ్స్‌ది మీరు వినే ఉంటారు. దానికి గొంతు ఇవ్వడానికి డొలోరెస్ స్టూడియోకి రావాల్సిన రోజే చనిపోయింది. వాళ్లు ఆ రాబడిలోంచి రెండున్నర లక్షల డాలర్లు ఆమె పిల్లలకి ఇచ్చారు. మంచి పని చేశారు, పాడింది నాకంతగా నచ్చలేదు. దానికంటే క్రాన్‌బెరీస్ వాళ్లే 2017లో 'సమ్‌థింగ్ ఎల్స్' ఆల్బమ్‌లో వయొలిన్లతో చేసింది వినండి. వాయించింది లిమరిక్‌లోనే ఉండే ఐరిష్ ఛాంబర్ ఆర్కెస్ట్రా. గిటార్ హోరు లేకపోవడంతో చరణం మాటలు స్పష్టంగా వినపడతాయి.

ఇక మీ రెండో ప్రశ్న. పాడొచ్చు, ఎవరూ ఏమనుకోరు. థోమండ్ పార్క్‌లో నోరు మూసుకుని నిలబడితేనే పక్కవాళ్లు విచిత్రంగా చూస్తారు. మొదటిసారి నేను మొహమాటపడుతుంటే ఒక పెద్దాయన తన ఆకుపచ్చ స్కార్ఫ్ రెండో కొస నా చేతికిచ్చి పైకెత్తమన్నాడు. లిమరిక్, కార్క్, డబ్లిన్ పబ్బుల్లో కూడా ఏ ఇబ్బందీ లేదు. కానీ డెర్రీకో, వెస్ట్ బెల్‌ఫాస్ట్‌కో వెళ్లినప్పుడు, అక్కడ గిటార్ పట్టుకున్నవాణ్ని ఈ పాట పాడమని మీరుగా అడక్కండి. వాళ్లంతట వాళ్లు పాడితే సరే, కలవండి. క్లాస్‌మేట్ ఎవరైనా ఉత్తరం నుంచి వచ్చి ఈ పాట నచ్చదంటే వాదనకి దిగకుండా ఎందుకని అడగండి, చాలావరకు చెప్తారు. టిక్కెట్ల విషయానికొస్తే, ఐర్లాండ్ మ్యాచ్‌లకి దొరకడం గగనం. మన్‌స్టర్ లీగ్ మ్యాచ్‌లకి స్టూడెంట్ ధర ఉందేమో చూసుకుని వెళ్లండి. చలికి లోపల ఇంకో స్వెటర్ వేసుకోండి.