చూసి కూడా వదిలేసిన కుర్రాళ్లు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్ గురించే. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ జట్లు ఏటా కాలేజీ ఆటగాళ్లని ఏడు రౌండుల్లో వరసగా ఎంచుకునే కార్యక్రమం అది. అందుకని ఈ నెల శీర్షిక మొత్తం దానికే కేటాయించాను. కొత్తగా చదువుతున్నవారికి ఒక మాట. నేను ఒహాయోలో ఒక చిన్న డివిజన్ 3 (మూడో శ్రేణి) కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకి శనివారాలు వీడియో తీసిపెడతాను. జీతం లేని పని, తొమ్మిది సీజన్లుగా చేస్తున్నాను. మైదానం చివర ఎండ్‌జోన్ వెనక ఇనప టవర్ మీద నిలబడి చూసిందే నా చదువు. కింది జవాబులన్నీ అక్కణ్ణుంచే చెబుతున్నాను.

ప్రశ్న: అన్నగారూ, ఆ తర్వాత మేటి క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపేవాడు) అయిన టామ్ బ్రేడీని 2000 డ్రాఫ్ట్‌లో 199వ స్థానం దాకా ఎవరూ తీసుకోలేదు. జట్టు జట్టుకీ ఆటగాళ్లని వెతికే స్కౌట్లు అంతమంది ఉండి కూడా అలాంటి ఆటగాడు కనపడకుండా ఎలా పోతాడు? అలాంటివాణ్ణి మనం ముందే గుర్తుపట్టగలమా? – ఓ పాఠకుడు, కొలంబస్

కనపడకుండా పోలేదండీ. అసలు సంగతి అక్కడే ఉంది. బ్రేడీ ఆడింది మిషిగన్‌లో. లక్షమంది పట్టే స్టేడియం అది. 2000 జనవరి 1న ఆరెంజ్ బౌల్‌లో (కాలేజీ సీజన్ చివర ఆడే పెద్ద ఆట) అలబామా మీద 369 గజాలు, నాలుగు టచ్‌డౌన్లు విసిరాడు, వెనకబడిన జట్టుని రెండుసార్లు లేపి ఓవర్‌టైమ్‌లో 35-34తో గెలిపించాడు. టీవీలో దేశమంతా చూసింది. కొన్ని వారాలకి కంబైన్ జరిగింది, డ్రాఫ్ట్‌కి ముందు జట్లన్నీ కుర్రాళ్లని కొలిచి, పరుగెత్తించి చూసే చోటు అది. చొక్కా విప్పించి ఫొటో తీశారు. 40 గజాలు పరుగెత్తిస్తే 5.28 సెకన్లు పట్టింది. ఆ ఫొటో, ఆ అంకె కలిసి ఆరెంజ్ బౌల్‌ని తుడిచేశాయి. అతనికన్నా ముందు ఆరుగురు క్వార్టర్‌బ్యాక్‌లు ఎంపికయ్యారు.

క్వార్టర్‌బ్యాక్ బ్రాక్ పర్డీదీ అదే కథ. ఐయోవా స్టేట్‌లో నాలుగేళ్లు ఆడాడు. ఆ కాలేజీకి ఫియెస్టా బౌల్ గెలిచిపెట్టాడు. 2022లో 262 మందిని తీసుకుంటే అతనిది 262వ పేరు. ఆఖరివాణ్ణి 'మిస్టర్ ఇర్రెలవెంట్' అంటారు, లెక్కలోకి రానివాడని. రెండేళ్లు తిరక్కుండానే శాన్‌ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్‌ని సూపర్ బౌల్‌కి, అంటే లీగ్ ఫైనల్‌కి తీసుకెళ్లాడు. 2025లో ఐదేళ్లకి 26.5 కోట్ల డాలర్ల ఒప్పందం రాసిచ్చారు.

కాబట్టి నా నమ్మకం ఇది. మరుగున పడ్డవాళ్లలో చాలామంది స్కౌట్ల కంటపడనివాళ్లు కారు. ఒక్కసారి చూసి, ఒక మాట రాసుకుని, మళ్లీ చూడకుండా వదిలేసినవాళ్లు.

రెండోసారి చూసే మనిషి అంటే నాకు మొదట బిల్ నన్ గుర్తొస్తాడు. పిట్స్‌బర్గ్ కొరియర్ అనే నల్లజాతివారి పత్రికలో విలేకరి. నల్లజాతి కాలేజీల నుంచి ఏటా మేటి జట్టుని ఎంపిక చేసేవాడు. మిగతా స్కౌట్లు తొంగిచూడని ఊళ్లన్నీ ఆయనకి కొట్టినపిండి. తర్వాత పిట్స్‌బర్గ్ జట్టు స్టీలర్స్‌కి స్కౌట్ అయ్యాడు. జాన్ స్టాల్‌వర్త్ అనే కుర్రాణ్ణి చూడటానికి కొందరు స్కౌట్లతో కలిసి అలబామా ఏ అండ్ ఎమ్‌కి వెళ్లాడు. నేల తడిగా ఉంది, కుర్రాడి పరుగు నెమ్మదిగా వచ్చింది. అందరూ ఆ టైమే రాసుకుని పక్క ఊరికి బయల్దేరారు. నన్ మాత్రం ఒంట్లో బాగాలేదని చెప్పి హంట్స్‌విల్‌లోనే ఉండిపోయాడు. నేల ఆరాక మళ్లీ పరుగెత్తించాడు. 1974లో స్టీలర్స్ అతణ్ణి నాలుగో రౌండులో తీసుకున్నారు. నాలుగు సూపర్ బౌల్ ఉంగరాలు, ఆఖరికి హాల్ ఆఫ్ ఫేమ్. ఆ ఒక్క డ్రాఫ్ట్ నుంచే స్టీలర్స్‌కి నలుగురు హాల్ ఆఫ్ ఫేమ్ ఆటగాళ్లు దొరికారు. డ్రాఫ్ట్‌లో ఎవరూ అడగని డానీ షెల్‌ని తర్వాత చేర్చుకుంటే అతనూ అక్కడికే చేరాడు. నన్‌కి కూడా 2021లో ఆ గౌరవం దక్కింది. అప్పటికి ఆయన లేడు.

ఇక మనం ఎలా చూడాలి? బంతి వెంట కళ్లు పోనివ్వకండి, మొట్టమొదటి పాఠం అదే. ఒక ఆటగాణ్ణి ఎంచుకుని, బంతి ఎటు పోయినా ఆట మొత్తం అతణ్ణే చూడండి. రిసీవర్ (విసిరిన బంతి అందుకునేవాడు) అయితే దారి మళ్లే చోట నడుము ఎంత కిందకి దించుతున్నాడు, ఎన్ని అడుగుల్లో ఆగుతున్నాడు చూడండి. పరుగు అవతలి వైపు పోతున్నప్పుడు ఎదుటివాణ్ణి అడ్డుకుంటున్నాడా, నడుం మీద చెయ్యేసుకుని నిలబడుతున్నాడా చూడండి. కార్నర్‌బ్యాక్‌ని (రిసీవర్‌ని కాపలా కాసేవాడు) టచ్‌డౌన్ ఇచ్చుకున్న తర్వాతి బంతికి చూడాలి. రెండడుగులు వెనక్కి జరిగి నిలబడ్డాడంటే భయం పట్టుకుందన్నమాట. ముందు వరసలో క్వార్టర్‌బ్యాక్‌ని కాపాడే లైన్‌మన్‌కి పాదాలే ప్రాణం. ఎదురుగా ఇద్దరు చోటు మార్చుకుని వచ్చినప్పుడు వదిలేయాల్సినవాణ్ణి వదిలి, పట్టుకోవాల్సినవాణ్ణి పట్టుకుంటున్నాడా అన్నది అసలు పరీక్ష. క్వార్టర్‌బ్యాక్‌ అయితే మొదటి రిసీవర్ దొరకనప్పుడు కళ్లు ఎటు పోతున్నాయో చూడండి. నేలకేసి పోతే కష్టం.

మా కాలేజీలో ఒక డిఫెన్సివ్ ఎండ్ (అడ్డుకునే జట్టు ముందు వరసలో చివర నిలబడేవాడు) ఉండేవాడు. ఒక అక్టోబరు శనివారం 35-0తో ఓడిపోతున్నాం. నాలుగో క్వార్టర్, వాన. గ్యాలరీలో తల్లిదండ్రులు తప్ప ఎవరూ లేరు. అవతలి జట్టు బంతిని దూరపు పక్కకి చిన్నగా విసిరింది, రన్నర్ అందుకుని పరుగందుకున్నాడు. మావాడు ఇటు చివర ఉన్నాడు. ఆట అతనిది కాదు, ఆగిపోతే అడిగేవాడు లేడు. కెమెరాలో చూస్తున్నాను, మైదానం అడ్డంగా పరుగెత్తుకుంటూ వచ్చాడు, 30 గజాలు పైనే. చివర్లో దూకి, రెండు వేళ్లతో రన్నర్ చీలమండ దగ్గర తగిలించాడు. అంతే, వాడు పడిపోయాడు. ఆ వీడియో ఇప్పటికీ నా దగ్గర ఉంది.

ఒక మంగళవారం ప్రాక్టీసుకి ఒక జట్టు స్కౌట్ వచ్చాడు. అరగంట ఉన్నాడు. చెయ్యి పొడుగు కొలిచాడు, 31 అంగుళాలు. పుస్తకం మూశాడు. ఆ శనివారం ఆట ఫిల్మ్ చూపిస్తామని మా కోచ్ అన్నాడు. టైం లేదన్నాడు. నాకు ఇప్పటికీ మనసు మండే విషయం అది. కొలత తప్పని నేననను. క్వార్టర్‌బ్యాక్‌ని కాపాడే వరసలో ఎడంచేతి పక్క ఆడే టాకిల్‌కి 33 అంగుళాల చెయ్యి కావాలనడంలో అర్థం ఉంది, ఎదుటివాణ్ణి దూరంగా ఆపాలి కాబట్టి. కానీ కొలత చూసి ఫిల్మ్ మానేస్తే ఎలా?

ప్రశ్న: 40 గజాల పరుగుకి ఇంత విలువ ఎందుకు? ఆటలో తిన్నగా 40 గజాలు పరుగెత్తే సందర్భం ఎన్నిసార్లు వస్తుంది? – ఓ విద్యార్థి, ఇండియానాపొలిస్

మీ ఊళ్లోనే కదా కంబైన్, 1987 నుంచీ అక్కడే. ఏటా 300 మందికి పైగా కుర్రాళ్లు వచ్చి అదే గీత మీద చెయ్యానించి పరుగెడతారు. అందరికీ ఒకే కొలబద్ద ఉండటం ఆ పరుగుకున్న విలువ. చిన్న కాలేజీ కుర్రాడు అక్కడ 4.35 సెకన్లలో పరుగెత్తితే స్కౌట్ మళ్లీ వెనక్కి వెళ్లి అతని ఫిల్మ్ తీస్తాడు. ఆ మేలు దానివల్ల జరుగుతుంది.

మొత్తం టైం కన్నా మొదటి 10 గజాల టైం చూడండి. లైన్‌లో ఆడేవాడికి అదే జీవితం. రిసీవర్లకి మూడు కోన్‌ల చుట్టూ తిరిగే పరుగు ఎక్కువ చెబుతుంది. రిసీవర్ కూపర్ కప్ కంబైన్‌లో 40 గజాలకి 4.62 సెకన్లు తీసుకున్నాడు, ఆ స్థానానికి నెమ్మదే. కోన్‌ల పరుగు మాత్రం 6.75లో ముగించాడు. అతనాడిన ఈస్టర్న్ వాషింగ్టన్ పెద్ద కాలేజీ కాదు. అయితే అలాంటి జట్లు ఏడాదికొకసారి డబ్బు కోసం పెద్ద జట్టుతో ఆడటానికి వెళ్తాయి. 2015లో ఒరెగాన్ మీదకి వెళ్లినప్పుడు జట్టు ఓడింది, కప్ మాత్రం 15 బంతులు పట్టి 246 గజాలు, మూడు టచ్‌డౌన్లు తీశాడు. ఎదురుగా ఉన్నవాళ్లు మేటి ఆటగాళ్లు. చిన్న కాలేజీ కుర్రాడి గురించి తెలుసుకోవాలంటే ముందు ఆ ఒక్క ఆట వెతుక్కోండి. 2017లో 69వ స్థానంలో పోయిన ఆ కప్, 2021 సీజన్‌లో 145 బంతులు పట్టి 1,947 గజాలు తీశాడు. చివర్లో సూపర్ బౌల్ ఎంవీపీ, అంటే ఆ ఆటలో మేటి ఆటగాడు.

ప్రశ్న: ఏడో రౌండులో పోవడం మంచిదా, అసలు డ్రాఫ్ట్ కాకపోవడమా? – ఓ పాఠకుడు, షార్లెట్

పేరు పిలిస్తే ఇంట్లో పండగ, కాదనను. కానీ ఏడో రౌండు చివర్లో పోయేవాడికి జట్టు ఎంచుకునే హక్కు లేదు. డ్రాఫ్ట్ కానివాడికి ఆ రాత్రే నాలుగైదు జట్ల నుంచి ఫోన్లు వచ్చాయనుకోండి, తన స్థానంలో ఎవరు తక్కువ ఉన్నారో చూసుకుని సంతకం పెట్టొచ్చు. క్యాంపుకి 90 మంది వస్తారు, మిగిలేది 53. ఆటలో దిగకుండా సాధన చేసే ప్రాక్టీస్ స్క్వాడ్‌లో ఇంకో 16 మందికి చోటు. ఆ లెక్కలో పది డాలర్ల బోనస్ ఎక్కువ ఇచ్చినవాడి కన్నా ఖాళీ ఉన్న జట్టే నయం.

ప్రశ్న: ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే జాబితా) వచ్చాక చిన్న కాలేజీల్లో దాగున్న మాణిక్యాలు మిగిలాయా? – ఓ అభిమాని, ఆస్టిన్

తగ్గాయి. 2021 నుంచి ఆటగాళ్లు తమ పేరు మీద డబ్బు సంపాదించుకోవచ్చు, ఒక సీజన్ కూర్చోకుండా కాలేజీ మారొచ్చు. చిన్న చోట బాగా ఆడినవాణ్ణి మరుసటి ఏడాదే పెద్దవాళ్లు ఎత్తుకుపోతున్నారు. మా కోచ్‌లకి ఇది గుండెకోత. కుర్రాళ్ల జేబులోకి నాలుగు డబ్బులొస్తున్నందుకు మాత్రం నేను సంతోషిస్తాను. ఇప్పుడు మరుగున పడేది ఎక్కువగా మూడు కాలేజీలు మారి ఎక్కడా కుదురుకోనివాళ్లు, పెద్ద జట్లలో రెండో వరసలో ఇరుక్కున్నవాళ్లు. రిసీవర్ ప్యూకా నాకువా వాషింగ్టన్ నుంచి బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీకి మారాడు, గాయాలతో ఆటలు పోగొట్టుకున్నాడు. 2023లో 177వ స్థానంలో రామ్స్ తీసుకుంటే, మొదటి ఏడాదే 105 బంతులు పట్టి 1,486 గజాలు తీసి, కొత్త ఆటగాళ్ల రికార్డులు తిరగరాశాడు. అతను ఆడిన ఆటలు చూసినవారికి ఆడని ఆటలు అడ్డం రాలేదు.

ప్రశ్న: అన్నయ్యగారూ, మా అబ్బాయి డివిజన్ 2 కాలేజీలో సేఫ్టీ (అందరికన్నా వెనక నిలబడి కాపలా కాసేవాడు). ఇదే ఆఖరి ఏడాది. కంబైన్‌కి పిలుపు రాలేదు. వాళ్ల నాన్న ఇక చాలు, ఉద్యోగం చూసుకోమంటున్నారు. ఈలోగా ఒక ఏజెంటు జట్లతో మాట్లాడతానని, ముందుగా డబ్బు కట్టమంటున్నాడు. ఏం చెయ్యమంటారు? – ఓ తల్లి, మిసోరి

అమ్మా, ముందు ఆ డబ్బు సంగతి. కట్టకండి. ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాళ్ల సంఘం దగ్గర లైసెన్సు ఉన్నవాడే ఏజెంటు. అతని వాటా ఒప్పందంలో 3 శాతానికి మించకూడదు. అదీ మీవాడి చేతికి జీతం వచ్చాకే. ముందే చెయ్యి చాచేవాడితో మనకి పనిలేదు.

కంబైన్ పిలుపు రాకపోతే తలుపులన్నీ మూసుకున్నట్టు కాదు. మార్చిలో కాలేజీల్లో ప్రో డేలు జరుగుతాయి, స్కౌట్లు అక్కడికే వచ్చి కుర్రాళ్లని చూస్తారు. మీ కాలేజీలో లేకపోతే, దగ్గర్లోని పెద్ద యూనివర్సిటీ ప్రో డేలో మీవాణ్ణి కూడా నిలబెట్టమని కోచ్ ఫోన్ చేసి అడగాలి. ఇది మామూలుగా జరిగే పనే, కోచ్‌ చేతే అడిగించండి. జట్లు కూడా తమ చుట్టుపక్కల పెరిగినవాళ్ల కోసం, అక్కడి కాలేజీల్లో చదివినవాళ్ల కోసం ఒక రోజు పెడతాయి. మీది మిసోరి కాబట్టి కాన్సస్ సిటీ జట్టు గురించి కోచ్‌ని కనుక్కోమనండి.

ఆడమ్ థీలెన్ మీవాడిలాగే డివిజన్ 2, మినసోటా స్టేట్ మాంకేటో. 2013లో ఎవరూ తీసుకోలేదు. మినసోటా జట్టు వైకింగ్స్ కొత్తవాళ్ల క్యాంపుకి ట్రయల్ మీద వెళ్లాడు. ఏడాది ప్రాక్టీస్ స్క్వాడ్‌లో ఉన్నాడు, తర్వాత బంతిని తన్నినప్పుడు అందుకున్నవాణ్ణి ఆపే గుంపులో పరుగెత్తాడు, ఆ తర్వాతే బంతి అతని దాకా వచ్చింది. రెండుసార్లు మేటి ఆటగాళ్ల ప్రో బౌల్‌కి ఎంపికయ్యాడు. మీవాడు సేఫ్టీ కాబట్టి అతని దారీ అదే. కిక్ కవరేజీ, పంట్ కవరేజీ ఇష్టంగా చేస్తాడా? చేస్తే ఆ ఆటలే ముందు చూపించాలి.

వాళ్ల నాన్నగారి మాటా కొట్టిపారేయలేను. పైన చెప్పిన మా డిఫెన్సివ్ ఎండ్‌కి ఒక జట్టు నుంచి ట్రయల్ పిలుపు వచ్చింది. మూడు రోజులు ఉండి వచ్చేశాడు. ఇప్పుడు హైస్కూల్లో లెక్కలు చెబుతూ లైన్ కోచ్‌గా ఉన్నాడు. ఆ మూడు రోజుల గురించి ఇప్పటికీ కళ్లు మెరిపించి చెబుతాడు. డిగ్రీ చేతిలో ఉంది కాబట్టే ధైర్యంగా వెళ్లగలిగాడు. మీ అబ్బాయి చేత ఆఖరి సెమిస్టర్ పూర్తి చేయించండి, జూలై దాకా గడువివ్వండి. తండ్రీకొడుకులిద్దరికీ అది కుదురుతుందనుకుంటాను.

ఇక ఫిల్మ్. పాట పెట్టి, మెరుపులు ఏరి కూర్చిన రెండు నిమిషాల వీడియో పంపించొద్దు. మూడు పూర్తి ఆటలు పంపండి, అందులో ఒకటి అతను బాగా ఆడనిది కావాలి. ప్రతిసారీ బంతి కదిలే ముందు అతని జెర్సీ నంబర్ చుట్టూ ఒక గీత గీయండి. సేఫ్టీ నిలబడేది బంతికి 15 గజాల వెనక, టీవీ కెమెరాలో కనపడడు. ఎత్తు నుంచి, 22 మందీ పట్టేలా తీసిన ఫిల్మే కావాలి. మీ కాలేజీలో టవరెక్కి అది తీసే మనిషెవరో కనుక్కోండి. అసలు ఫైళ్లు అతని హార్డ్ డ్రైవ్‌లో పడి ఉంటాయి. సీజన్ అయ్యాక చెరిపేసేవాళ్లు ఉంటారు, ఈ వారమే అడగండి.