సెర్చ్ ల్యాబ్స్ బీకర్ గుర్తు ల్యాప్‌టాప్‌లో రావట్లేదా?

బ్రౌజర్‌లో మీ ఆఫీసు అకౌంట్ ముందు వరుసలో ఉండి ఉంటుంది. ఫోన్‌లో కనిపించే గూగుల్ సెర్చ్ ల్యాబ్స్ బీకర్ గుర్తు ల్యాప్‌టాప్‌లో మాయమైందంటే ముందు అనుమానించాల్సింది ఆ అకౌంట్‌నే. సెర్చ్ ల్యాబ్స్ అంటే గూగుల్ సెర్చ్‌లోని కొత్త ఫీచర్లను ప్రయోగంగా వాడి చూసే చోటు. ఆఫీసు, కాలేజీ అకౌంట్లలో ఇలాంటి ప్రయోగాలు రావాలా వద్దా అన్నది మన చేతిలో ఉండదు, అక్కడి అకౌంట్లను చూసుకునే అడ్మిన్ చేతిలో ఉంటుంది.

1. గూగుల్ పేజీ తెరిచి, పైన కుడివైపున్న గుండ్రటి ఫొటో నొక్కండి. పేరు చూసి ఆగిపోకండి, మెయిల్ ఐడీ చదవండి. రెండు అకౌంట్లకీ ఒకే ఫొటో పెట్టుకుంటాం కదా, చాలామంది బోల్తా పడేది ఇక్కడే.

2. అక్కడ సొంత అకౌంట్‌కి మారితే సరిపోదు. కొత్త ట్యాబ్ తెరిస్తే మళ్లీ మొదట లాగిన్ అయినదే వస్తుంది. అందుకని అన్నిట్లోంచీ సైన్ అవుట్ అయి, ముందు సొంత మెయిల్‌తో, ఆ తర్వాతే ఆఫీసు మెయిల్‌తో లాగిన్ అవ్వండి. రోజూ ఈ గోల ఎందుకనుకుంటే క్రోమ్‌లో రెండు వేర్వేరు ప్రొఫైల్స్ పెట్టుకోండి. నేను అదే చేస్తాను.

3. ఇన్‌కాగ్నిటో విండో అయితే మూసేయండి, అందులో రాదు.

గుర్తు వచ్చి, మీకు కావాల్సిన ప్రయోగం ఒక్కటే లేకపోతే సెట్టింగ్స్ వెతకడం మానేయండి. దాన్ని తీసేసి అయినా ఉంటారు, మామూలు ఫీచర్‌గా కలిపేసి అయినా ఉంటారు. జీమెయిల్‌లో పంపిన మెయిల్‌ని వెనక్కి తీసుకునే అన్‌డూ సెండ్ కూడా 2009లో జీమెయిల్ ల్యాబ్స్ ప్రయోగమే, 2015లో మామూలు సెట్టింగ్స్‌లోకి వచ్చింది.